కెమెరాకు టోపీ... చీరకు రంగు!

హైదరాబాద్‌కు వెళ్లిన చీర వారం తిరక్కుండానే అమరచింతకు తిరిగొచ్చింది.

మడత నలగలేదు. జరీ చెదరలేదు. ఎక్కడా ఒక్క పోగు తెగలేదు. అయినా తిరిగొచ్చింది. చీర వెంట చిన్న చీటీ... ‘ఫొటోలో చూసిన రంగు ఇది కాదు’ అని.

చీర కొన్నావిడ అబద్ధం చెప్పలేదు. మగ్గం మీద నేసింది చిక్కటి కుంకుమ రంగు. ఫోన్‌లో ఆమెకు కనిపించింది మాత్రం వెలిసిన గులాబీ రంగు. ఆమెకు నచ్చిందీ అదే, డబ్బు పంపిందీ దానికే. మరి తప్పు ఎవరిది? నేసిన తండ్రిదా, ఫొటో తీసిన కూతురిదా, కెమెరాదా?

ఆ రాత్రి తండ్రి ఏమీ అనలేదు. చీరను మళ్లీ మడతపెట్టి బీరువాలో దాచాడు. ‘రంగు తప్పు’ అన్న మాట ఆయన పనితనం మీద పడిన మచ్చ. రాను పోను కొరియర్ ఖర్చు కంటే ఆ మాటే ఎక్కువ గుచ్చుకుందని కూతురికి తెలుసు. నూలు, పట్టు కొనేటప్పుడు ఆయన ఏనాడూ గదిలో చూసి ఒప్పుకోడు. లడిని వాకిట్లోకి తెచ్చి, ఎడమచేతిని నుదుటికి అడ్డం పెట్టుకుని, ఎండలో ఒకసారి, నీడలో ఒకసారి చూస్తేగానీ ‘సరే’ అనడు. అలాంటి మనిషికి రంగు తెలియదని ఎవరో అన్నట్టయింది!

నాలుగు గోడలు దాటిన చీర

అమరచింత అంటే పాతతరానికి సంస్థానం గుర్తొస్తుంది. నిజాం ఏలుబడిలో గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానాల సరసన దాని పేరూ వినిపించేది. ఒకప్పుడు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉన్న ఊరు 2016లో కొత్త జిల్లాలు ఏర్పడ్డాక వనపర్తి జిల్లాలోకి వచ్చింది. దగ్గర్లోనే కృష్ణ మీద జూరాల ప్రాజెక్టు. ఊళ్లో మగ్గాల చప్పుడు. ఇక్కడి నేతగాళ్ల చేతుల్లో పుట్టే చీరలు గద్వాల చీరలుగానే బజారుకెళ్తాయి.

ఒంటికి నూలు, అంచుకీ కొంగుకీ పట్టు... గద్వాల చీర అసలు గొప్ప అదే. రెండు రకాల పోగుల్నీ కుప్పడం పద్ధతిలో ఒకదానితో ఒకటి పెనవేసి అతుకు తెలియకుండా నేస్తారు. ఇప్పుడు మొత్తం పట్టువీ నేస్తున్నారనుకోండి. ఈ చీరలకు 2010లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ఒక్కో చీర వెనక రోజుల తరబడి ఇంటిల్లిపాది కష్టం ఉంటుంది.

ఇదివరకు ఆ కష్టాన్ని షావుకారు చేత్తో తడిమి చూసి తీసుకునేవాడు. ఇప్పుడు కొనేవాళ్లు చాలామంది చీరను ముట్టుకోరు. ఫోన్‌లో ఫొటో చూస్తారు... నచ్చితే డబ్బు పంపుతారు. అంటే చీరకీ కొనే మనిషికీ మధ్య సాక్ష్యం చెప్పేది ఫొటో ఒక్కటే. ఆ సాక్షి తడబడితే చీర తిరిగొస్తుంది.

డిగ్రీ చదువుతున్న ఆ అమ్మాయి తండ్రి చీరల్ని మొదట ఫోన్‌తోనే తీసేది. ఫోను ప్రతి ఎరుపునీ తనకు తోచినట్టు మెరిపించేస్తోందని, అన్నవరసయ్యే కుర్రాడి దగ్గర పాత కాంపాక్ట్ కెమెరా తెచ్చుకుంది. కేనన్ జీ12... 2010లో వచ్చిన మోడల్. దాంతోపాటు ఒక గొట్టం, ఒక గాజు ఫిల్టరు, పూలరేకుల్లా కోసిన నల్లటి ప్లాస్టిక్ టోపీ కూడా వచ్చాయి. ఆ టోపీనే లెన్స్ హుడ్ అంటారు.

హుడ్ పెట్టి తీసిన మొదటి ఫొటోలోనే నాలుగు మూలలూ నల్లబడ్డాయి. ‘ఇదేదో అడ్డమొస్తోంది’ అని తీసి పక్కన పడేసింది. టోపీ లేకుండా వాకిట్లో దండెం మీద చీర ఆరేసి, పక్కనుంచి సాయంత్రపు ఎండ పడుతుండగా తీసింది. జరీ తళుక్కుమంది. ఫొటో బాగుందనే అనుకుంది. ఆ ఫొటో చూసి కొన్న చీరే తిరిగొచ్చింది.

పెద్దనాయిన వచ్చాడు

ఆత్మకూరులో ఒకప్పుడు ఫొటో స్టూడియో నడిపిన పెద్దనాయినకు ఫోన్ చేసింది. రీళ్ల కాలంలో పెళ్లిళ్లు తీసిన మనిషి. మర్నాడు పొద్దున్నే బస్సు దిగాడు. చీర చూశాడు, ఫొటో చూశాడు, మూలన పడున్న టోపీ చూశాడు.

“దీన్నెందుకు పక్కకు పెట్టినవ్ బిడ్డా?”

“అది పెడితే మూలలు నల్లగైతున్నయ్ పెద్దనాయినా.”

“టోపీ చేసిన తప్పు కాదే అది. పెట్టిన తీరు తప్పు. నీకు ఫొటోల చీర కనవడ్తుంది గని, చీర మీద వడ్డ పొగ కనవడ్తలేదు.”

ఆయన చెప్పిన పొగ నిజంగా పొగ కాదు. మనం ఫొటో తీస్తున్న చీర నుంచి వచ్చే వెలుగే లెన్స్‌లోకి వెళ్లాలి. కానీ ఫ్రేముకు బయట ఉన్న ఎండ కూడా పక్కనుంచి లెన్స్ అద్దాన్ని తాకుతుంది. పూత లేని గాజు, ఒక్కో ఉపరితలం దగ్గర తన మీద పడిన వెలుగులో దాదాపు 4 శాతాన్ని వెనక్కి కొడుతుంది. లెన్స్‌లో ఉండేది ఒక్క అద్దం కాదు, చాలా అద్దాలు. వాటి మధ్య వెలుగు అటూ ఇటూ తుళ్లి చివరికి ఫొటో అంతటా పలచటి తెరలా పరచుకుంటుంది. నలుపు బూడిదరంగవుతుంది, కుంకుమ గులాబీ అవుతుంది. దీన్నే ఫ్లేర్ అంటారు.

ఈ గొడవ తగ్గించడానికే లెన్స్‌లకు పూతలొచ్చాయి. 1935లో జర్మనీలోని జైస్ కంపెనీలో అలెగ్జాండర్ స్మాకులా కనిపెట్టిన పూత వాటికి దారి చూపింది. ఇవాళ్టి లెన్స్‌లన్నిటికీ పూత ఉంటుంది. అయినా పక్కఎండ నేరుగా అద్దం మీద పడితే ఎంత మంచి పూతైనా పూర్తిగా ఆపలేదు. ఆ ఎండ అద్దం దాకా రాకుండా చూసేదే హుడ్. మండుటెండలో నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకోమూ... అదే!

పెట్టే తీరు ఇదీ

చాలా కాంపాక్ట్ కెమెరాల్లో లెన్స్ ఆన్ చేయగానే ముందుకొస్తుంది, ఆపగానే లోపలికెళ్తుంది. దాన్ని కదిపే మోటారు చిన్నది, సుకుమారమైనది. కాబట్టి హుడ్ బరువును కదిలే లెన్స్ మీద వెయ్యకూడదు. జీ12లో లెన్స్ చుట్టూ ఉన్న రింగును, పక్కనున్న బొత్తాం నొక్కి తిప్పితే ఊడొస్తుంది. దాని స్థానంలో గొట్టంలాంటి అడాప్టర్ బిగించాలి. గొట్టం కెమెరా ఒంటికి అతుక్కుంటే లెన్స్ దాని లోపల స్వేచ్ఛగా కదులుతుంది. గొట్టం మూతి 58 మిల్లీమీటర్ల మర. హుడ్ ఎక్కాల్సింది ఆ మర మీదే.

2011లో మార్కెట్లోకి వచ్చిన ఫ్యూజీ ఎక్స్100 లాంటి వాటిలో పద్ధతి కాస్త వేరు. ముందున్న సన్నటి రింగు విప్పి, అడాప్టర్ రింగు బిగించి, దాని మీద హుడ్ పెట్టాలి. మోడల్ ఏదైనా మొదటి ప్రశ్న ఒక్కటే... హుడ్ దేన్ని పట్టుకుని నిలబడుతోంది?

పెద్దనాయిన మొదట ఫిల్టరు విప్పేశాడు. గొట్టానికీ హుడ్‌కూ మధ్య ఆ గాజు దూరితే హుడ్ కొన్ని మిల్లీమీటర్లు ముందుకు జరుగుతుంది. ఆ కాస్తకే వెడల్పు దృశ్యంలో మూలలు నల్లబడొచ్చు. తర్వాత హుడ్‌ను మర మీద ఆనించి మొదట వెనక్కి తిప్పాడు. ‘టిక్’మని మర కూర్చున్నట్టు తెలిశాకే ముందుకు తిప్పాడు. అలా చేస్తే మర అడ్డదిడ్డంగా ఎక్కదు. బలం ఉపయోగించాల్సి వస్తోందంటే ఎక్కడో తేడా ఉన్నట్టే!

ఇక అసలు కిటుకు రేకుల్లో ఉంది. ఫొటో చదరం కాదు... వెడల్పెక్కువ, ఎత్తు తక్కువ. లెన్స్ పక్కలకు ఎక్కువ చూస్తుంది, పైకీ కిందికీ తక్కువ చూస్తుంది. అందుకే హుడ్‌లో పొడుగు రేకులు పైనా కిందా ఉండాలి. పొట్టివి ఎడమా కుడీ ఉండాలి. కెమెరాను నిలువుగా తిప్పితే హుడ్ కూడా దాంతోపాటే తిరుగుతుంది కాబట్టి భయం లేదు. కానీ రేకులు ఏటవాలుగా ఆగితే ఫొటో మూలల్లోకి తొంగిచూస్తాయి. అమ్మాయి చేసిన పొరపాటు అదే. బిగిసేదాకా తిప్పి వదిలేసింది. రేకులు ఎక్కడ ఆగాయో చూడలేదు.

“మర బిగిసిన కాడ రేకులు సక్కగ నిలవడ్తలేవు గద పెద్దనాయినా!”

“నల్లాలకు సుట్టే తెల్లటేపు లేదా ఇంట్ల? తే.”

ఆ టేపును మరకు రెండు చుట్లు చుట్టి మళ్లీ తిప్పాడు. రేకులు సరిగ్గా నిలబడిన చోట ఆపితే హుడ్ అక్కడే పట్టుకుని ఉండిపోయింది.

ఈ తంటాలేవీ వద్దనుకుంటే గుండ్రటి రబ్బరు హుడ్ వాడుకోవచ్చు. దానికి పైనా కిందా తేడా ఉండదు. ఫోకస్ చేసేటప్పుడు ముందుభాగం గిర్రున తిరిగే లెన్స్‌లకు గుండ్రటిదే సరైంది. కొన్ని హుడ్‌లను సంచిలో పట్టేందుకు తిరగేసి బిగించుకునే వీలుంటుంది. వాటిని అలా తిరగేసే ఫొటోలు తీసేవాళ్లూ ఉన్నారు... గొడుగు చంకలో పెట్టుకుని ఎండలో నడిచినట్టు!

గోడ చెప్పిన సంగతి

పెట్టడం అయిపోతే సరిపోదు, పరీక్ష కావాలి. పెద్దనాయిన కెమెరాను సున్నం వేసిన తెల్లగోడ వైపు తిప్పించాడు. జూమ్ పూర్తిగా వెనక్కి, అంటే ఎక్కువ వెడల్పు కనిపించేలా. ఎపర్చర్ ఎఫ్8... ఆ కెమెరాలో అన్నిటికన్నా చిన్న రంధ్రం. హుడ్ ఫ్రేములోకి వస్తుంటే దాని అంచు అప్పుడే స్పష్టంగా బయటపడుతుంది. మొదటి ఫొటోలో ఒక మూల నల్లగా ఉంది. వెంట్రుకవాసి తిప్పారు. రెండోదాంట్లో కాస్త తగ్గింది. నాలుగో ఫొటోకు గోడ నాలుగు మూలలా తెల్లగా వచ్చింది.

దీన్ని తెర మీదే చూసుకోవాలి. కెమెరా పైనున్న చిన్న కిటికీలోంచి చూస్తే తెలియదు. అది లెన్స్‌లోంచి చూడదు, పక్కనుంచి చూస్తుంది. పైగా గొట్టం దానికి కొంత అడ్డమొస్తుంది. ఫ్లాష్ వేస్తే గొట్టం, హుడ్ నీడ ఫొటో కింది భాగాన పడుతుంది కాబట్టి హుడ్ ఉన్నప్పుడు ఫ్లాష్ ఆపేయడమే మేలు.

రేకులు నిలబడిన చోట గొట్టం మీదా హుడ్ మీదా ఎదురెదురుగా గోళ్లరంగుతో చెరో చుక్క పెట్టింది అమ్మాయి. ఇక ఎప్పుడు బిగించినా ఆ చుక్కలు కలిస్తే చాలు.

హుడ్ అన్నీ చేసేస్తుందనుకోవడమూ పొరపాటే. సూర్యుడు ఫ్రేములోనే ఉంటే అదేం చేయలేదు. నీడలో తీస్తున్నప్పుడు వైట్ బ్యాలెన్స్ నీడకు తగ్గట్టు మార్చుకోకపోతే రంగు నీలంవైపు జారుతుంది. కొనేవాళ్ల ఫోన్ తెరలన్నీ ఒకేలా ఉండవు. మన చేతిలో ఉన్నది మాత్రం ఒకటుంది... కెమెరాలోకి అక్కర్లేని వెలుగు రాకుండా చూసుకోవడం.

మధ్యాహ్నం దాటాక అదే చీరను బీరువాలోంచి తీశారు. అదే దండెం, అదే పక్కఎండ. ఒకటి టోపీ లేకుండా, ఒకటి టోపీతో. రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి తండ్రికి చూపించింది. ఆయన ఫోన్ పట్టుకుని వాకిట్లోకి నడిచాడు. ఎండకు తెర కనిపించక, అలవాటుగా ఎడమచేతిని నుదుటికి అడ్డం పెట్టాడు. ఒకసారి చీరవైపు, ఒకసారి ఫొటోవైపు చూశాడు.

“ఇది నేను నేసిన రంగు” అన్నాడు రెండోదాన్ని చూపిస్తూ.

కొన్నావిడకు అమ్మాయి ఆ ఫొటోనే పంపింది. ‘అక్కా, చీర అసలు రంగు ఇది. ముందు పంపిన ఫొటోలో తప్పు మాదే’ అని రాసింది. ఆవిడ అదే చీర మళ్లీ కొంటుందో లేదో తెలియదు. కొనకపోయినా ఫర్వాలేదంది అమ్మాయి. నాయిన రంగు తప్పు కాదని ఆవిడకు తెలిస్తే చాలట!

పెద్దనాయిన సాయంత్రం బస్సెక్కుతూ కిటికీలోంచి ఒక్కటే మాట చెప్పాడు.

“సుక్కలు కలిసినయా లేదా సూసుకోని తియ్యి బిడ్డా.”