నాన్న లేయర్

మా అక్క పెళ్ళికి నాన్న రాలేదు. కువైట్‌లో సెలవు దొరకలేదు. ఆల్బమ్ తిరగేస్తూ అమ్మ అంది: "ఒరేయ్, కంప్యూటర్లు సదువుతాండావు గదా, మీ నాయన్ను గూడా ఇందులో పెట్టు."

సరేనని గింప్ ఓపెన్ చేశా. నాన్న తన రూమ్‌లో దిగిన ఫొటోని పెళ్ళి ఫొటో మీద ఇంకో లేయర్‌గా పెట్టా, అక్క పక్కనున్న ఖాళీలో. లేయర్ మాస్క్‌లో నలుపు పూసిన చోటు దాక్కుంటుంది, తెలుపు పూసిన చోటు కనిపిస్తుంది. అలా వెనక గోడంతా మాయం చేశా. చిక్కంతా వెలుగుతోనే. మండపంలో లైటు ఎడమ నుంచి, నాన్న మొహం మీద కుడి నుంచి. అందుకే నాన్న ఫొటోని అద్దంలోలా తిప్పేశా. కలర్ కలిపి, కాళ్ళ కింద నీడ వేసేసరికి రాత్రి రెండైంది.

పొద్దున అమ్మ చూడగానే, "మీ నాయన సొక్కా జేబు కుడిపక్కకు పొయ్యిందేందిరా?" అంది.

జేబు ఒక్కటే కత్తిరించి ఎడమకి తెచ్చి, నాన్నకి వాట్సాప్‌లో పంపా. చాలాసేపటికి ఫోన్ చేశాడు.

"బాగుంది నాయనా. ప్రింటు మాత్రం తీయించొద్దు. నేనొచ్చినాక అందరం నిలబడి తీసుకుందాం."

ఆ ఫైలు ఇంకా నా లాప్‌టాప్‌లోనే ఉంది. లేయర్ పక్కన కన్ను గుర్తు నొక్కితే నాన్న ఉంటాడు. మళ్ళీ నొక్కితే ఖాళీ. ప్రింటు తీయించలేదు, డిలీటూ చేయలేదు.