ట్రాలీ దించి చూసినవా?

ఆ మంగళవారం పొద్దున స్టాండప్ మీటింగ్‌లో ఉండగా ఫోన్ మోగింది. బాపు. ఆఫీసు టైములో ఆయన ఎప్పుడూ ఫోన్ చేయడు. మ్యూట్‌లో పెట్టుకుని ఎత్తాను.

"కొడుకా, బండి బ్రేకు తొక్కితే అరుస్తుంది. కింద ఆయిల్ గూడ కారుతుంది. మొన్న ఐతారం నువ్వు దాంట్ల ఏం వోసినవ్?"

గుండె జారింది. పోసింది నేనే మరి.

మాది గజ్వేల్ దాటాక లోపలికి వెళ్లే ఓ చిన్న ఊరు. నేనుండేది సికింద్రాబాద్‌లో, తార్నాక దగ్గర. రెండేళ్ల కింద 24 హార్స్‌పవర్ చిన్న ట్రాక్టర్ ఒకటి కొన్నాం. కూరగాయల సాళ్ల మధ్య పెద్ద బండి తిరగదు, అందుకని చిన్నది. లోన్ నా జీతం చూపించి తీసుకున్నాం. కిస్తీ మాత్రం బాపు కడతాడు. వానాకాలంలో పక్క రైతులకు గంట లెక్కన రోటావేటర్ కొడతాడు, హైడ్రాలిక్ ట్రాలీతో పెంట తోలుతాడు. అంటే బండి మూలకు పడితే కిస్తీ కూడా ఆగినట్టే.

ఇక నేను చేసిన ఘనకార్యం. మృగశిర కార్తె ముందు ఆదివారం ఊరెళ్లాను. బాపు చేనులో ట్రాలీ పైకి లేపి పెంట గుమ్మరించాడు. అడుగున అంటుకున్నది పారతో గీకుతున్నాడు. ఆ ఖాళీలో నాకు ఇంజనీరింగ్ గుర్తొచ్చింది. అంతకుముందు రాత్రే హైడ్రాలిక్ ఆయిల్ చెక్ చేయడం మీద రెండు వీడియోలు చూశాను. ఇంజిన్ ఆపి, సీటు వెనకున్న డిప్‌స్టిక్ లాగి, తుడిచి, మళ్లీ పెట్టి తీశాను. ఆయిల్ కింది గీతను కూడా అందుకోలేదు.

"బాపూ, ఆయిల్ లేకుండానే నడుపుతున్నావా!" అని పెద్దమనిషిలా కోప్పడ్డాను. కొట్టంలో జేసీబీ నడిపే తెలిసినాయన వదిలేసి పోయిన హైడ్రాలిక్ ఆయిల్ క్యాన్ ఉంది. హైడ్రాలిక్ అని రాసి ఉంది కదా, ఇంకేం కావాలి? ఐదు లీటర్లూ పోసేశాను. బాపు ఏమీ అనలేదు. బీటెక్ చదివిన కొడుకు చెప్తే ఏమంటాడు?

ఫోన్ వచ్చిన రోజు హాఫ్ డే లీవ్ పెట్టి రాణీగంజ్ వెళ్లాను. మెషినరీ, పంపులు, ట్రాక్టర్ స్పేర్లు, ఆయిల్ సీళ్లు... సికింద్రాబాద్‌లో పెరిగినవాళ్లకి ఈ బజారు గురించి చెప్పక్కర్లేదు. ఓ స్పేర్ పార్ట్స్ కొట్టు పెద్దాయనకు బండి మోడల్ చెప్పి, జరిగిందంతా చెప్పాను. ఆయన చాయ్ తాగుతూ ఒక్కటే అడిగాడు.

"తమ్మీ, ట్రాలీ దించి చూసినవా, లేపి చూసినవా?"

"లేచే ఉండె."

"మరి ఆయిల్ ట్యాంకుల ఎట్లుంటది? జాక్‌ల ఉంటది."

అంతే. నాలుగేళ్ల ఇంజనీరింగ్ ఆ ఒక్క ప్రశ్న దగ్గర ఆగిపోయింది. ట్రాలీని లేపేది సిలిండర్‌లోకి వెళ్లిన ఆయిలే. అది దిగేదాకా ఆ ఆయిల్ వెనక్కి రాదు. అక్కడే నిలబడి ఫోన్‌లో లెక్కేశాను. మా ట్రాలీ జాక్ లోపలి వ్యాసం సుమారు 8 సెంటీమీటర్లు, రాడ్ బయటికొచ్చే పొడవు 60. అంటే దాదాపు 3 లీటర్లు. యూపీఐలో డబ్బు మన ఖాతాలో కట్ అయి, అవతలికి ఇంకా చేరనప్పుడు బ్యాలెన్స్ చూసి "డబ్బు పోయింది" అని ఏడ్చినట్టుంది నా పని. ఆయిల్ సరిగ్గానే ఉంది. ట్రాలీ దిగగానే జాక్‌లోది ఇంటికొచ్చింది. నేను పోసిన ఐదు లీటర్లు ఎక్కువైపోయి, నురగ కట్టి, గాలి పోయే బ్రీదర్ నుంచి బయటికి తన్నింది.

రెండో తప్పు ఇంకా పెద్దది. చాలా ట్రాక్టర్లలాగే మా దాంట్లోనూ గేర్‌బాక్సుకు, హైడ్రాలిక్స్‌కు, బ్రేకులకు ఒకటే ఆయిల్. బ్రేకు ప్లేట్లు ఆ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. అందుకే దీనికి ట్రాక్టర్ల కోసం తయారుచేసిన యూటీటీఓ ఆయిల్ వేరే ఉంటుంది. కొట్లలో అడిగేటప్పుడు 'వెట్ బ్రేక్ ఆయిల్' అంటారు. ప్లేట్లు జారకుండా, అరవకుండా పట్టడానికి కావాల్సిన రసాయనాలు అందులో కలుపుతారు. జేసీబీ హైడ్రాలిక్ క్యాన్‌లో ఉన్నది ఆ సరుకు కాదు. బ్రేకు అరిచింది అందుకే.

హ్యారీ ఫెర్గూసన్ 1936లో ఫెర్గూసన్-బ్రౌన్ ట్రాక్టర్‌తో హైడ్రాలిక్ లిఫ్ట్‌ను, మూడు చోట్ల పనిముట్టు తగిలించే పద్ధతిని మార్కెట్లోకి తెచ్చాడు. ఇప్పుడు మన జహీరాబాద్‌లో తయారయ్యే మహీంద్రా ఓజా లాంటి చిన్న బళ్లకూ వెనక లిఫ్ట్ ఉంటుంది, దానికి రకరకాల పనిముట్లు తగిలిస్తారు. పనిముట్లు మారేకొద్దీ ఆయిల్ వెళ్లే దారులూ పెరుగుతాయి. అందుకే పెద్దాయన చెప్పిన పద్ధతి ఇక్కడ రాస్తున్నా. మీ ఇంట్లో ట్రాక్టర్ ఉంటే స్క్రీన్‌షాట్ తీసుకోండి.

ముందు బండిని చదును నేల మీద ఆపాలి. ట్రాలీ, రోటావేటర్, లోడర్... ఏది ఉన్నా పూర్తిగా కిందికి దించాలి. ఇంజిన్ ఆపి, బండి మాన్యువల్‌లో చెప్పినంతసేపు ఆగాలి. డిప్‌స్టిక్ చుట్టూ దుమ్ము తుడిచాకే లాగాలి. ఇసుక రేణువు లోపల పడితే పంపు అరిగిపోతుంది. లెవెల్ రెండు గీతల మధ్య ఉంటే చాలు. పాలలా తెల్లగా ఉంటే నీళ్లు కలిసినట్టు, మాడిన వాసనొస్తే బాగా వేడెక్కినట్టు, నురగ ఉంటే గాలి పీలుస్తున్నట్టు. ఇంకొకరి ట్రాలీ తగిలిస్తే దాని జాక్‌లోని పాత ఆయిల్ మన బండిలో కలుస్తుంది, అది ఏ ఆయిలో ముందే అడగాలి. గొట్టం ఎక్కడ కారుతుందో చేత్తో తడమొద్దు. ఆ ప్రెషర్‌కి సన్నని ధార చర్మంలోకి దూరిపోతుంది. అట్టముక్క పెట్టి చూడాలి. లేపిన పనిముట్టు కిందికి ఎప్పుడూ దూరొద్దు.

ఇరవై లీటర్ల ఆయిల్, కొత్త ఫిల్టర్ తీసుకుని జేబీఎస్‌లో బస్సెక్కాను. సాయంత్రం బాపు, నేను పాత ఆయిల్ మొత్తం డ్రమ్ములోకి దించాం. చేనులోకి ఒక్క చుక్క పోనివ్వలేదు. ఫిల్టర్ మార్చి, ముప్పావు వంతుకు పైగా పోసి, ఇంజిన్ వేసి ట్రాలీని నాలుగైదుసార్లు లేపి దించాం. ఆపి, ఆగి, చూసి, తక్కువైంది పోశాం.

ఆ పనిలో ఉండగా, స్పానర్ అందిస్తూ బాపు మామూలుగా అన్నాడు. "పొద్దుగాల యూరియా బస్తాలేసుకొని చెరువు కట్ట దిగుతుంటే బ్రేకు సరిగ్గ పట్టలే. గేరు మీదనే మెల్లగ ఆపిన."

నా చేతిలో స్పానర్ అట్లాగే ఉండిపోయింది. ఆ కట్ట నాకు తెలుసు. ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క పదడుగుల లోతు.

"ఫోన్ల ఎందుకు చెప్పలే?"

"నువ్వు ఆఫీసుల ఉంటివి. పరేషాన్ అయితవని."

అరుపు గురించి చెప్పాడు, కారడం గురించి చెప్పాడు. అసలు సంగతి దాచుకున్నాడు. నేనేమో ఫోన్ పెట్టేసి బండి గురించే ఆలోచించాను. నువ్వు ఎట్లున్నవ్ అని అడగలేదు.

బండి ఇప్పుడు బాగానే ఉంది. ఆ సీజన్ కిస్తీ రెండు వారాలు లేటుగా కట్టాం. ప్రతి ఆదివారం పొద్దున బాపు వాట్సాప్‌లో డిప్‌స్టిక్ ఫొటో పంపుతాడు. బొటనవేలు సగం అడ్డం ఉంటుంది, అయినా గీత కనిపిస్తుంది. కింద వాయిస్ మెసేజ్: "అన్నీ దించే చూసిన కొడుకా."

నేను వెంటనే ఫోన్ చేస్తాను. బండి సంగతి చివర్లో మాట్లాడుకుంటాం.