యజమాని సంతకం

1928లో సబర్మతీ ఆశ్రమంలో ఒక దూడ జబ్బుపడింది. చేయగలిగిన వైద్యమంతా చేశారు. ఇక లాభం లేదని వైద్యుడు తేల్చి చెప్పాడు. ఒక పక్క నుంచి మరో పక్కకు ఒత్తిగిల్లడానికి కూడా యాతన పడుతున్న ఆ ప్రాణిని చూసి, గాంధీజీ ఒక డాక్టరును పిలిపించి, తాను దగ్గర ఉండి విషపు సూది వేయించారు. రెండు నిమిషాలలోపే దూడ బాధ ముగిసింది. గాంధీజీ బాధ అప్పుడు మొదలైంది. అహింసను వ్రతంగా చెప్పుకునే మనిషి గోహత్య చేయించాడంటూ ఉత్తరాలు వెల్లువెత్తాయి. మర్యాద మీరినవి వాటిలో తక్కువేమీ కావు.

అంతకు రెండేళ్ల ముందు, అహ్మదాబాదు మిల్లు యజమాని అంబాలాల్ సారాభాయి 60 వీధికుక్కలను చంపించినప్పుడు దానిని సమర్థించి కూడా ఆయన ఇటువంటి నిందలే మోశారు. నిజానికి ఆ రెండూ ఒకటి కావు. కుక్కలు పోయింది మనుషుల భయం తీర్చడానికి. దూడ పోయింది దాని బాధ తీరడానికి. ఈ తేడాను మన బహిరంగ చర్చ ఈనాటికీ సరిగా పట్టించుకోలేదు. 2025 ఆగస్టు 11న ఢిల్లీ వీధికుక్కలన్నిటినీ ఆశ్రయాలకు తరలించాలని సుప్రీంకోర్టు ద్విసభ్య ధర్మాసనం ఆదేశించింది. అదే నెల 22న త్రిసభ్య ధర్మాసనం దానిని సవరించి, రేబిస్ సోకినవీ మీదపడి కరిచేవీ మినహా మిగతావాటిని టీకా వేసి, సంతాన నిరోధక శస్త్రచికిత్స చేసి పాత చోటనే విడిచిపెట్టమన్నది. ఆ రెండు వారాలూ దేశమంతా కుక్కల గురించే మాట్లాడింది. కుక్క వల్ల మనిషికి కలిగే కీడు, మనిషి వల్ల కుక్కకు కలిగే కీడు, ఈ రెండే విషయాలు. మనిషి ఒడిలో ముసలిదై, జబ్బుపడి, ఎలా పోవాలో తెలియని కుక్క సంగతి ఏ వాదప్రతివాదాలకూ అందదు. అది నాలుగు గోడల మధ్య తేలవలసిన వ్యవహారం.

తూర్పు ఢిల్లీ మయూర్ విహార్‌లో, మూడో అంతస్తు ఫ్లాటులో, 2024 చలికాలంలో అది అలాగే తేలింది.

ఆ ఇంటి పెద్దమనిషి గోదావరి జిల్లా నుంచి నలభై ఏళ్ల కిందట కేంద్ర ప్రభుత్వ కొలువుకు వచ్చి, అండర్ సెక్రటరీగా విరమించినవాడు. కుక్క పేరు మోతి. జాతికుక్క కాదు. అక్షరధామ్ పక్కన కామన్వెల్త్ క్రీడాగ్రామం కడుతున్నప్పుడు కూలీల గుడిసెల మధ్య పుట్టిన పిల్ల. 2010లో పనులు ముగిసి కూలీలు వెళ్లిపోయారు, పిల్ల మిగిలిపోయింది. పన్నెండో తరగతి చదువుతున్న కూతురు దానిని చున్నీలో చుట్టి ఇంటికి తెచ్చింది. ‘రెండు రోజులే’ అన్నది తల్లి. అవి పద్నాలుగేళ్లయ్యాయి.

కుక్కల్లో మూత్రపిండాల జబ్బు చాటుగా వస్తుంది. రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరిగినట్టు కనబడేనాటికి వాటి శక్తిలో నాలుగింట మూడొంతులు అప్పటికే పోయి ఉంటుంది. మోతి విషయంలోనూ అంతే. నీళ్లు ఎక్కువ తాగుతున్నాడంటే ఎండలనుకున్నారు, తిండి తగ్గితే వయసనుకున్నారు. వర్షాకాలంలో పరీక్ష చేయిస్తే క్రియాటినిన్ 4 దాటి ఉంది. అప్పటి నుంచి రోజు విడిచి రోజు కిటికీ తెర కమ్మీకి సెలైన్ సీసా వేలాడదీసి, మెడ వెనక వదులు చర్మం కింద సూది గుచ్చి నీరు ఎక్కించడం ఇంటిపని అయింది. ఆమె మోతి తల పట్టుకునేది, ఆయన సూది గుచ్చేవాడు. మొదటి వారం చేతులు వణికాయి, తరువాత అలవాటైంది. దీపావళి నాటికి నోట్లో పుండ్లు, వాంతులు, ఊపిరిలో ఒక ఘాటైన వాసన. వెనక కాళ్లు జారిపోతుంటే గదుల నిండా పాత దుప్పట్లు పరిచారు.

పశువైద్యురాలు, ముప్పై దాటని అమ్మాయి, అప్పుడు ఒక కాగితం ఇచ్చింది. అమెరికా పశువైద్యురాలు అలిస్ విల్లలోబోస్ తయారు చేసిన కొలమానం అది. నొప్పి, ఆకలి, ఒంట్లో నీరు, శుభ్రత, సంతోషం, కదలిక, చెడ్డరోజుల కంటే మంచిరోజులు ఎక్కువా అనే లెక్క, మొత్తం ఏడు. ఒక్కొక్కదానికి 10 లోపు మార్కులు. కూడితే 35 దాటితే ఇంకా సాకవచ్చునని అర్థం. ఫైళ్లతో జీవితం గడిపిన మనిషికి ఇది చేతికి దొరికిన ఊతకర్ర. గీతల నోటుబుక్కు తీసి, రోజూ రాత్రి తొమ్మిది గంటలకు దంపతులిద్దరూ విడివిడిగా మార్కులు వేయడం మొదలుపెట్టారు.

ఆయన లెక్క 24 దగ్గర ఆగేది. ఆమె లెక్క 38కి తగ్గేది కాదు. లిఫ్టు తలుపు చప్పుడైతే మోతి తోక నేలకు రెండుసార్లు తట్టేవాడు కనుక సంతోషానికి ఆమె 8 వేసేది. శుభ్రతకు ఆయన 2 వేస్తే ఆమె 7 వేసింది. తడిసిన దుప్పట్లు రోజుకు నాలుగుసార్లు ఉతుకుతున్నది ఆమే. ఉతికేవారికి లేని మురికి చూసేవారికి ఎక్కడిదని ఆమె అడిగితే ఆయన వద్ద జవాబు లేదు. ఇటువంటి కొలమానాలు ఏ ప్రాణి బాధనూ కొలవవేమో. కొలిచేవారి ఓపికనూ భయాన్నీ మాత్రం కచ్చితంగా చూపిస్తాయి. ఆ మాటకొస్తే అదీ చిన్న ఉపయోగం కాదు. నోటుబుక్కు లేకపోతే తామిద్దరూ చెరొక కుక్కను చూస్తున్నామని వారికి తెలిసేది కాదు.

ఆయన తొందరకు వేరే మూలం ఉంది. 2016లో హైదరాబాదులో ఒక పెద్ద ఆసుపత్రిలో ఆయన తల్లి 19 రోజులు వెంటిలేటరు మీద ఉంది. గొంతులో గొట్టం వేయడానికి సంతకం, డయాలిసిస్‌కు సంతకం, మత్తుకు సంతకం. ప్రతి పనికీ ఒక కాగితం వచ్చింది. ఆపుదామంటే మాత్రం కాగితం లేదు. అరుణా షాన్‌బాగ్ కేసులో 2011 నాటి తీర్పు ప్రకారం ప్రాణాధార చికిత్స ఆపాలంటే హైకోర్టు అనుమతి కావాలి. ఐసీయూ బయట కుర్చీలో కూర్చున్న కొడుకు హైకోర్టుకు ఎప్పుడు వెళతాడు? అంతకు ముందు 2004లో కండరాల క్షీణతతో మృత్యుముఖంలో ఉన్న హైదరాబాదు చదరంగ క్రీడాకారుడు వెంకటేశ్, ఊపిరి ఉండగానే తన అవయవాలను దానం చేయనివ్వమని తల్లి ద్వారా ఆంధ్రప్రదేశ్ హైకోర్టును వేడుకుంటే చట్టం ఒప్పుకోదన్నారు. 2018 మార్చిలో రాజ్యాంగ ధర్మాసనం గౌరవంగా మరణించడం కూడా జీవించే హక్కులో భాగమేనని చెప్పే నాటికి ఆయన తల్లి పోయి రెండేళ్లు దాటింది.

మనుషుల విషయంలో ఇన్ని గడపలు పెట్టిన చట్టం జంతువుల దగ్గర ఏమంటున్నదో ఆయన తెరిచి చూశాడు. అలవాటు ఊరుకోదు కదా. రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో ప్రైవేటు బిల్లు పెట్టి, నెహ్రూ హామీతో దానిని ఉపసంహరించుకున్నాక ప్రభుత్వం తెచ్చిన 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం అది. బాధలో ఉన్న జంతువు ప్రాణం తీయడం గురించి అందులో 13వ సెక్షన్ ఉంది. యజమాని నేరస్థుడైతే కోర్టు ఏం చేయాలో ఉంది. యజమాని కనబడకపోతే, లేదా ఒప్పుకోకపోతే, పోలీసు అధికారి పశువైద్యుణ్ణి ఎలా పిలిపించాలో, మేజిస్ట్రేటు ఉత్తర్వు ఎలా తీసుకోవాలో ఉంది. యజమాని ఇంట్లోనే ఉండి, పక్కనే కూర్చుని, కుక్క తల ఒడిలో పెట్టుకుని ఉంటే ఏం చేయాలో ఆ సెక్షన్ చెప్పదు. బహుశా చెప్పనక్కర లేదనుకుని ఉంటారు. వీధికుక్కల కోసం 2023లో వచ్చిన నియమాలలో మాత్రం ఆయనను ఆపిన వాక్యం ఒకటి ఉంది. ఏ కుక్కకూ మరో కుక్క కళ్ల ముందు ప్రాణం తీయరాదు. ప్రభుత్వ గెజెట్‌లో ఇంత మెత్తని మాట తాను ఎప్పుడూ చదవలేదని ఆయన భార్యకు వినిపించాడు. ఆమె వినలేదు, సీసాలో నీరు ఎంత మిగిలిందో చూస్తున్నది.

అదే మెట్ల మీద ఎదురింటి జైన పెద్దాయన ఆయనను ఆపాడు. విషయం పనిమనిషి చెప్పి ఉంటుంది. అనుభవించవలసిన కర్మను మధ్యలో తెంచే అధికారం మనకెక్కడిదని అడిగాడు. మీ సంథారా మాటేమిటని ఈయన అడిగాడు. దానిని ఆత్మహత్యగా ఎంచిన రాజస్థాన్ హైకోర్టు తీర్పు 2015లో వచ్చిందీ, అదే నెలాఖరున సుప్రీంకోర్టు దానిని నిలిపివేసిందీ ఇద్దరికీ తెలుసు. పెద్దాయన నెమ్మదిగా, ‘అది ఎవరికి వారు తీసుకునే వ్రతం. ఇంకొకరి తరఫున తీసుకునేది కాదు’ అన్నాడు. గాంధీజీకి ఉత్తరాలు రాసినవారిలో కొందరు అడిగినదీ ఇంచుమించు ఇదే. ఈ ప్రశ్నకు తిరుగులేని సమాధానం లేదు. మోతిని ఎవరూ అడగలేరు. అడగలేని చోట నిర్ణయం తీసుకోకపోవడం కూడా ఒక నిర్ణయమే, దాని ఖర్చు మాత్రం మోతి ఖాతాలో పడుతుంది. కాబట్టి ఈ పని పాపమా పుణ్యమా అన్నదాని కన్నా, వాయిదా ఎవరి మేలు కోసమన్నది ముందు తేల్చుకోవాలి. ధర్మరాజు కుక్కను విడిచి స్వర్గానికి రానన్నాడని మనం గొప్పగా చెప్పుకుంటాం. ఆ కుక్కకు దారిలో కాళ్లు పడిపోలేదు.

డిసెంబరులో ఒక రాత్రి మోతి గోడకు తల ఆనించి నిలబడి, తెల్లవారేదాకా పడుకోలేకపోయాడు. మర్నాడు రాత్రి తొమ్మిదికి ఆమె నోటుబుక్కులో మార్కులు వేయలేదు. ‘ఏమండీ, ఆ అమ్మాయికి ఫోన్ చేయండి. ఇంటికే రమ్మనండి’ అన్నది. ఆసుపత్రి గడప చూస్తేనే మోతికి వణుకు. చివరి గంట ఆ వణుకుతో పోకూడదన్న ఒక్క విషయంలో ఇద్దరికీ మొదటి నుంచీ తేడా లేదు.

కూతురు బెంగళూరు నుంచి రాత్రి విమానంలో వచ్చింది. ఆదివారం పదకొండు గంటలకు వైద్యురాలు భుజాన సంచీతో వచ్చి, చెప్పులు బయట విడిచి, నేల మీద కూర్చున్నది. జరగబోయేది దాచకుండా చెప్పింది. ముందు కండలో మత్తు సూది. పది, పదిహేను నిమిషాల్లో నిద్ర. ఆ తరువాతనే నరంలోకి మందు. కళ్లు మూసుకోవు. ఆగిన తరువాత కూడా ఒకటి రెండు పెద్ద శ్వాసలు రావచ్చు, కండ అదరవచ్చు, అది బాధ కాదు. ఇవి ముందే చెప్పని చోట ఆ ఒక్క శ్వాసే ఏళ్ల తరబడి కలల్లోకి వస్తుంది.

అంగీకార పత్రం తీసింది. యజమాని సంతకం అని ఉన్న చోట ఆయన చెయ్యి ఆగింది. మునిసిపల్ కార్పొరేషన్‌లో చేయించిన లైసెన్సు కూతురి పేరు మీద ఉంది, కనుక ఆమె సంతకమే చెల్లుతుందేమో అన్నాడు. అది చట్టం మీద సందేహం కాదని గదిలో అందరికీ తెలుసు. కూతురు కలం అందుకోబోయింది. ‘ఉండవే. దుప్పట్లు ఉతికింది నేను. నేను చేస్తాను’ అని తల్లి కాగితం తన వైపు లాక్కుని, తెలుగులో సంతకం చేసింది.

మూత్రపిండాల పథ్యం వచ్చాక మోతికి గుడ్డు మానిపించారు. ఆ ఉదయం ఆమె ఉడికించి పెట్టింది. వాసన చూసి, పసుపు సొన మాత్రం నాకి వదిలేశాడు. మత్తు సూదికి కొంచెం మూలిగాడు. తరువాత తల బరువై ఆమె మోకాలి మీద వాలింది. రెండో మందు వెళ్లడానికి గాంధీజీ దూడకు పట్టినంత సేపే పట్టింది. వైద్యురాలు స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నది. అవసరమైన దానికన్నా ఎక్కువసేపే విన్నది. శ్వాస ఒకటి వచ్చింది. ముందే చెప్పినందువల్ల ఎవరూ ఉలిక్కిపడలేదు.

మిగిలినవి త్వరగా జరిగాయి. ఆ మందు కళేబరంలో నిలిచి ఉంటుందనీ, తిన్న ప్రాణికల్లా ప్రమాదమనీ, దహనం చేయాలి లేదా లోతుగా పూడ్చాలి అనీ వైద్యురాలు హెచ్చరించింది. మన ఉపఖండానికి ఈ పాఠం కొత్తది కాదు. పశువుల నొప్పి తగ్గించడానికి ఇచ్చిన డైక్లోఫెనాక్ వాటి కళేబరాల ద్వారా రాబందులకు చేరి, మూడు జాతులను 95 శాతానికి పైగా తుడిచిపెట్టింది. 2006లో భారత్, నేపాల్, పాకిస్తాన్ దానిని పశువైద్యంలో నిషేధించేదాకా ఆ దయ ఖరీదు ఎవరూ లెక్కకట్టలేదు. మోతిని దుప్పటిలో చుట్టి దించుతున్నప్పుడు ఎదురింటి పెద్దాయన బయటికి వచ్చాడు. ఏమీ అనలేదు. కిందికి చేరేదాకా లిఫ్టు తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

వాడని సెలైన్ సీసాలు ఆరు మిగిలితే వైద్యురాలు వీధికుక్కల కోసం పట్టుకెళ్లింది. నోటుబుక్కు ఆయన పారేయలేదు. జనవరిలో అందులోనే ఒక కొత్త పేజీ తిప్పి, తమ ఇద్దరి పేరిట ముందస్తు వైద్య ఆదేశం చిత్తుప్రతి రాశాడు. 2023 జనవరిలో సుప్రీంకోర్టు ఆ పద్ధతిని సులువు చేసింది. మేజిస్ట్రేటు అక్కర లేదు, ఇద్దరు సాక్షులూ ఒక నోటరీ చాలు. కూతురి పేరు రాసి, ఆమె వద్దు వద్దంటున్నా ఫోన్లో చదివి వినిపించాడు. సాక్షుల్లో ఒకడు ఎదురింటి పెద్దాయన.

కడ్కడ్‌డూమా కోర్టు బయట రేకుల కింద కూర్చున్న నోటరీ కాగితాలు తిప్పి చూసి, జబ్బు ఎవరికని అడిగాడు. ఎవరికీ లేదని ఆమె చెప్పింది. అతను భుజాలు కదిపి, స్టాంపు కోసం సొరుగు తెరిచాడు.