రాక్షసిబల్లుల నామకరణము

మాచెర్లకు చేరువను చంద్రవంక యేఱు 70 అడుగుల యెత్తునుండి దూకు తావునకు ఎత్తిపోతల యని పేరు. ఎత్తునుండి నీరు పోయుటచేత ఆ పేరు వచ్చినదని కొందఱును, యతులు తపము చేసిన తలమగుటచే యతితపోతలమే అట్లు మాఱినదని కొందఱును చెప్పుదురు. నాకు మొదటిదే సమ్మతము. ఆ నీటి హోరు విన్నవారికి వేఱు వ్యుత్పత్తితో పనిలేదు.

అచటి మడుగులోని మొసళ్లను చూచి మా అమ్మాయి కూతురు, “అమ్మమ్మా, ఇవి రాక్షసిబల్లుల పిల్లలా?” అని యడిగినది. పిల్లలు కావు, దాయాదులు. రాక్షసిబల్లుల వంశమున నేటికి నిలిచినవి పక్షులే. మన పెరటికోడి ఆ వంశములోనిదన్నచో పిల్ల నవ్వినది గాని అది నిజము. మొసలికిని గోడమీది బల్లికంటె కోడియే దగ్గఱి చుట్టము.

మన పల్నాటిలో త్రవ్విన వాని యెముకలు దొరకవు. మనము ఇండ్లలో పఱచుకొను నాపరాయి, ఎముకగల ప్రాణి యేదియు పుట్టకమునుపే యేర్పడినది. వానికై గోదావరీ ప్రాణహితా తీరములకు పోవలెను. అచటి పల్లెల పేళ్లు ఈ జంతువుల మూలమున లోకమంతటను వినబడుచున్నవి.

1842లో రిచర్డు ఓవెను అను ఆంగ్లేయుడు ‘భయంకరమైన బల్లి’ యను నర్థము వచ్చు గ్రీకు మాటలతో వీనికి డైనోసారు అను జాతినామము పెట్టెను. ఇవి బల్లులు కాకపోయినను ఆ పేరు పోలేదు. 1988లో యాదగిరిగారు ఒకదానికి కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరిడిరి. కోట ప్రాణహిత యొడ్డునున్న పల్లె. దాని పేరు అచటి రాతిపొరకును, పొరనుండి జంతువునకును దిగినది. యామన్‌పల్లి తెలంగాణములోని యూరు. ఊరిపేరు చివర తగిలించుట మన యింటిపేళ్లవంటిదే గదా! ఆ యస్థిపంజరమును హైదరాబాదు బిర్లా ప్రదర్శనశాలలో నిలిపినారు.

కలకత్తా పండితులు 1975లో పేరిడిన బారాపాసారస్ టాగోరై మఱియు ముచ్చటైనది. ‘బడొ పా’ యనగా వంగభాషలో పెద్దకాలు. త్రవ్వకము మొదలైన 1961 రవీంద్రకవి శతజయంతి వత్సరమగుటచే ఆయన పేరును చేర్చిరి. 2007లో ధర్మారము ఊరిపేరుతో వెలసిన లాంప్లుగ్‌సారాలో నున్నది, ఆ పండితుల శాఖకు అంకురార్పణ చేసిన పమేలా లాంప్లుగ్ రాబిన్‌సన్ అను విదుషీమణి పేరు. ఆ యేడే ఎముకలు సేకరించు ధూయియా ప్రధాన్ పేర ప్రధానియా వెలసినది. పండితులకే గాక ఎండలో వెదకినవానికిని పేరు దక్కుట నాకెంతయు నచ్చినది.

నన్ను పట్టి నిలిపినది మాత్రము వేఱొకటి. 1987లో మలేరి యూరి జంతువునకు వాకరు అను పండితుని పేర వాకేరియా యని పేరిడిరి. ఆ పేరు అంతకుముందే యొక నీటిపురుగు వంటి ప్రాణికి ఉన్నదట! ముందు పెట్టినవారిదే పేరని శాస్త్రనియమము. అందుచేత 1994లో దీనిని ఆల్‌వాకేరియాగా మార్చిరి.

సోదరీమణులారా, ఈ నియమము మనకు క్రొత్తయా? నేను కాపురమునకు వచ్చునాటికి మా అత్తగారిదియు నాదియు నొకటే పేరు. కోడలిని ఆ పేరున పిలువరాదని పీటలమీదనే మార్చిరి. నన్నెవరు నడుగలేదు. అత్తగారు గతించి యిరువదేండ్లైనది. పేరు నాకు తిరిగి రాలేదు. పొలము కాగితములలో సయితము క్రొత్తదే యున్నది. ఆల్‌వాకేరియా ప్రక్కనైనను, మునుపు వాకేరియా యని పుస్తకములలో వ్రాసియుంతురు.

మా అన్నయ్య మాత్రము పండుగకు వచ్చినపుడు వాకిట నిలిచి పుట్టినింటి పేరుతోనే పిలుచును. ఈసారి ఆ పిలుపు విని మనుమరాలు, “ఆమె యెవరు?” అని యడిగినది.