గంగమ్మ పక్కన మూడు

తేని ప్రాంతపు తెలుగు ఇళ్ళలో మాట తెలుగు, చదువు తమిళం. ఈ సంగతి పాఠకులకు మేము కొత్తగా చెప్పనక్కరలేదు. పెద్దలు తెలుగు లిపిలో వ్రాసిపెట్టి పోయిన పాటల పుస్తకం పెట్టెలో వుంటుంది. మనుమలకు ఆ భాష వస్తుంది గాని ఆ లిపి రాదు. ఈ చిక్కు చూచి, తెలుగు లిపిలో వున్నదానిని తమిళ లిపిలోకి మార్చే చిన్న ప్రోగ్రాము ఒకటి మేము వ్రాశాము. దానికి బొమ్మలూ, నొక్కే మీటలూ ఏమీ లేవు. కంప్యూటరులో నల్లటి తెర తెరచి, ప్రోగ్రాము పేరూ, ఫైలు పేరూ టైపు చేసి ఎంటరు కొట్టాలి, అంతే.

మొదట ఇది బహు సులువని తోచింది. యూనికోడ్ పట్టికలో తెలుగు 'క' సంఖ్య 3093. తమిళ 'క' సంఖ్య 2965. తేడా 128. మన దేశపు ముఖ్య లిపులను ఇంచుమించు ఒకే వరుసలో అమర్చారు గనుక, ఏ అక్షరంలోనైనా 128 తీసివేస్తే సరిపోతుందనుకున్నాము. ఒక్క పూటలో పని ముగిసింది. మరునాడే ఫిర్యాదు వచ్చింది: "గడియారం అని కొడితే మొదట డబ్బా వస్తోంది!" నిజమే. తమిళంలో 'గ' లేదు గదా. పట్టికలో ఆ గడి ఖాళీ. అప్పుడు తమిళ ముద్రణలో సంస్కృతం కోసం వున్న పద్ధతిని పట్టుకున్నాము: 'క' పక్కన, కొంచెం పైకి, చిన్న 2 వేస్తే ఖ, 3 వేస్తే గ, 4 వేస్తే ఘ.

ఇందులో పనంతా మేమే చేయలేదు. ఎవరో మహానుభావులు వ్రాసి ఉచితంగా పెట్టిన లైబ్రరీని వాడుకున్నాము. అది మరొకదానిపైన, ఆ మరొకటి ఇంకొకదానిపైన ఆధారపడి వుంటుంది. దీనినే ఆ వృత్తిలో డిపెండెన్సీ అంటారు. మనం ఎవరి పనిని వాడుకుంటామో వారు ఎగువ, మనం దిగువ. ఈ మాటలు మన లోయవాళ్ళకు ఒకరు నేర్పాలా? 1895లో కట్టి ముగించిన పెరియారు ఆనకట్టనుంచి సొరంగం గుండా కొండ ఇవతలికి వచ్చే నీళ్ళతోనే గదా కంబం లోయలో వరి పండుతున్నది! ఎగువన తూము దించితే దిగువ మడి ఎండుతుంది. 2016 మార్చిలో ఒక రచయిత, పేరు విషయమై వచ్చిన తగాదాలో విసిగి, అందరూ వాడుకునే చోటునుంచి తన ప్రోగ్రాములన్నిటినీ తీసివేశాడు. వాటిలో ఒకటి 'లెఫ్ట్ పాడ్'; పదకొండు పంక్తులది. దానిమీద, తెలిసో తెలియకో, ఆధారపడిన వేలాది ప్రోగ్రాములు ప్రపంచమంతటా ఆగిపోయాయి. ఆ కథ చదివి మేము నవ్వుకున్నాము. మాకూ ఆ వంతు వస్తుందని అనుకోలేదు.

నిరుడు ఒక వూరిలో కులదేవత పూజకు పాటలు అచ్చు వేయించాలని తలపెట్టారు. అవి డెబ్బైయేళ్ళు దాటిన ఒక అవ్వ, తన తల్లి నోట నేర్చుకుని వ్రాసి వుంచుకున్న పాటలు. మనుమడు వాటిని టైపు చేసి మా ప్రోగ్రాములో వేశాడు. అవ్వకు రెండు లిపులూ వచ్చు. కాగితం చూచి మాకు ఫోను చేసింది.

"గంగమ్మ పక్కన మూడు వచ్చి కూర్చుండాది నాయనా."

మేము మా కంప్యూటరులో చూచాము. అంతా సవ్యంగా వుంది. "మీ ఫాంటు సరిగా లేదవ్వా, మారిస్తే పోతుంది" అని చెప్పి ఫోను పెట్టేశాము. ఆమె ఇంకేమీ అనలేదు.

పూజనాడు పిల్లలు వరుసగా నిలబడి కాగితం చూచి పాడారు. "క మూణు" అని మొదలుపెట్టారు! చుట్టూ వున్నవాళ్ళు పకపక నవ్వారు. అవ్వ నవ్వలేదు. తల్లి పాట పిల్లల నోట వినాలని ఆమె ఎన్నేళ్ళు కాచుకుని వుందో మాకు అప్పుడు తెలిసింది.

ఇంటికి వచ్చి వెదికాము. మనుమడి కంప్యూటరు కొత్తది. మా ప్రోగ్రాము అక్కడ దిగేటప్పుడు లైబ్రరీని కొత్త కూర్పులో తెచ్చుకున్నది. మా దగ్గర వున్నది పాత కూర్పు. పైకెత్తిన చిన్న అంకెను మామూలు అంకెగా సమానం చేసే నియమం ఒకటి యూనికోడ్‌లోనే వుంది. కొత్త కూర్పు దానిని అమలు చేసింది. ఎగువవారి తప్పు లేదు. మార్పుల పట్టికలో ఆ సంగతి వ్రాసే వుంచారు. మేము చదవలేదు. మదురై–బోడి మార్గంలో మీటరు గేజి తీసి బ్రాడ్‌గేజి వేశారు. 2022 మేలో తేనికి మళ్ళీ రైలు వచ్చింది. ఆ కొత్త పట్టాలమీద పాత బండి నడపబోయి, పట్టాలు బాగాలేవని ప్రయాణికులను తిట్టినట్లయింది మా పని.

ఇప్పుడు కొన్ని నియమాలు పెట్టుకున్నాము. ఏ లైబ్రరీ ఏ కూర్పులో కావాలో అంకెలతో సహా వ్రాసి ప్రోగ్రాముతోనే పంపుతున్నాము. పాత కూర్పును ఎల్లకాలం పట్టుకుని కూర్చుంటే పాత లోపాలూ మనతోనే వుంటాయి. కనుక అప్పుడప్పుడు కొత్తదానికి మారుతాము, కాని నలభై మాటల పట్టికను పరీక్షించిన తరువాతనే. అందులో మొదటి మాట గంగమ్మ. ఫిర్యాదు చేసేవారిని మూడు సంగతులు అడుగుతాము: ఏమి టైపు చేశారు? ఏమి రావాలి? ఏమి వచ్చింది? అవ్వ ఈ మూడింటిలో రెండు అడగకుండానే చెప్పింది. "మా దగ్గర బాగానే వుంది" అనే మాటను మాత్రం మానుకున్నాము. అది జవాబు కాదు. ఎక్కడ వెదకాలో చెప్పే గుర్తు.

సరిచేసిన కాగితాలు పట్టుకుని అవ్వ దగ్గరికి వెళ్ళి తప్పు ఒప్పుకున్నాము. ఆమె కళ్ళజోడు పెట్టుకుని మొదటినుంచి చివరిదాకా వేలు పెట్టి చదివింది. కాఫీ ఇప్పించింది. తరువాత మెల్లగా అన్నది:

"ఇంకొకటి వుండాది. చెప్తే కోపం చేసుకోరు గదా?"

పాత పుస్తకంలో గొఱ్ఱె అని బండి 'ఱ'తో వుంది. తమిళంలో ఆ అక్షరం జంటగా వస్తే 'ట్ర' అని పలుకుతారు. పిల్లలు ఆ పాటలో "గొట్రె, గొట్రె" అని పాడుతున్నారట!

అక్కడే కూర్చుని వ్రాసుకున్నాము. మా పట్టికలో ఇప్పుడు రెండవ మాట గొఱ్ఱె.