సూది వినే మాట

విశ్రాంతిగా ఉన్న కండరం మామూలుగా చప్పుడు చెయ్యదు. సన్నటి సూది ఎలక్ట్రోడ్ గుచ్చి, అందే విద్యుత్తుని స్పీకర్లో వినిపిస్తే, సూది కదిలినప్పుడు కాస్త గరగర, ఆ తర్వాత నిశ్శబ్దం. నరంతో సంబంధం తెగిపోయిన కండరం మాత్రం ఊరుకోదు. రేకుల కప్పు మీద చినుకులు పడ్డట్టు టిక్కుటిక్కుమంటుంది. ఈ పోలిక నాది కాదు, న్యూరాలజీ పాఠాల్లో ఉన్నదే. ఆ పరీక్షే ఎలక్ట్రోమయోగ్రఫీ, పొట్టిగా ఇ.ఎం.జి.

మా మావయ్యకి కుడి బొటనవేలి మొదట్లో కండ కరగడంతో మొదలైంది. చొక్కా గుండీలు పెట్టుకోలేకపోయేవాడు. మెడ ఎముకల అరుగుదలన్నారు, ఫిజియోథెరపీ అన్నారు. పది నెలలు అలాగే గడిచాయి. చివరికి ఇ.ఎం.జి.కి పంపితే, డాక్టరుగారు చేతితో ఆగకుండా కాలికీ, వీపుకీ, నాలుకకీ కూడా సూది గుచ్చారు. "చెయ్యి బాలేదంటే కాలు పొడుస్తాడేంట్రా?" అన్నాడు మావయ్య.

అసలు సంగతంతా ఆ ప్రశ్నలోనే ఉంది. మెడలో ఒక నరం నొక్కుకుపోతే, ఆ నరం అందే కండరాలే చెడతాయి. మోటార్ న్యూరాన్ వ్యాధికి అలాంటి హద్దుల్లేవు. పైగా అది కనపడకుండా పాకుతుంది. వెన్నుపాములో ఒక న్యూరాన్ చనిపోతే, దాని మీద ఆధారపడ్డ కండర తంతువులు దిక్కులేనివవుతాయి. పక్క న్యూరాన్ కొత్త కొమ్మలు వేసి వాటిని చేరదీస్తుంది. అందుకే చాలా న్యూరాన్లు పోయినా, బలం తగ్గినట్టు మనిషికి చాన్నాళ్ళు తెలియదు. సూదికి తెలుస్తుంది. సంసారం పెరిగిన న్యూరాన్ పంపే తరంగం తెర మీద మామూలు కన్నా ఎత్తుగా, వెడల్పుగా కనిపిస్తుంది. నిక్షేపంగా ఉందనుకున్న కాల్లో డాక్టరుగారు వెతికింది దాన్నే. 2008లో వచ్చిన అవాజీ ప్రమాణాలు సూది సాక్ష్యానికి, డాక్టరు కంటికి కనిపించే లక్షణాలతో సమానమైన విలువనిచ్చాయి.

నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి. ఈ తరంగాలన్నీ ఒక మోడల్‌కి నేర్పిస్తే అవునో కాదో చెప్పెయ్యదా అనిపించడం సహజం. తరంగాల్ని గుర్తుపట్టడం నేర్పించొచ్చు. కానీ ఏ ఒక్క తరంగం మీదా రోగం పేరు రాసి ఉండదు. ఆ చినుకుల చప్పుడు నరం నొక్కుకున్నా వినిపిస్తుంది, కండరాల వాపు జబ్బుల్లోనూ వినిపిస్తుంది. మెదడు నుంచి కిందికొచ్చే దారి చెడిపోవడం అసలు ఈ సూదికి అందనే అందదు. దానికి మోకాలి మీద సుత్తితో తట్టి చూడాల్సిందే. ఎన్నిచోట్ల చెడింది, ఎంత వేగంగా పాకుతోంది, ఇంకేం జబ్బు కావచ్చు అన్నవి కలిపి చదివే మనిషి కావాలి.

"నయం కాని జబ్బుని తొందరగా తెలుసుకుని ఏం చేస్తాంరా?" అనడిగింది అత్తయ్య. మందుకి లొంగే జబ్బులు కొన్ని అచ్చం ఇలాగే మొదలవుతాయి, ముందు వాటిని తోసిపుచ్చాలి. 1995 నుంచి వాడుకలో ఉన్న రిలుజోల్ కొద్ది నెలలైనా పొడిగిస్తుంది. ఇవన్నీ చెప్పాను. చెప్పని కారణం ఇంకోటుంది: గొంతు పోకముందే దాన్ని రికార్డు చేసి దాచుకోవచ్చని.

మావయ్యకి నాలుక తడబడ్డం మొదలయ్యేసరికి నా దగ్గర చేరింది పదకొండు నిమిషాల గొంతు. అందులో సగం కౌలు లెక్కలే. ఆ పది నెలల్లో ఎప్పుడైనా సూది గుచ్చి ఉంటే, ఇంకాస్త మాట మిగిలేది.