కాకినాడ నుండి పూడిమడకకు

కాకినాడ నుండి పూడిమడకకు సముద్రం మీద సుమారు 100 కిలోమీటర్లు. పాత ఫైబరు బోటును ఇంజను లేకుండా కొని, మా చిన్నాన్న మోటారు బోటుకు కట్టి, మార్చి నెలలో ఆ దారినే ఇంటికి తెచ్చుకున్నాము. లారీ కిరాయి మా శక్తికి మించినది. ఏప్రిల్ 15 నుండి 61 రోజులు వేట నిషేధం. ఆలోగా నాలుగు వారాలైనా వేటకు వెళ్లకపోతే అప్పుకు వడ్డీ కూడా కట్టలేము.

మార్చిలో తీరం వెంట నీరు ఉత్తరానికి లాగుతుంది. మధ్యాహ్నానికి దక్షిణపు గాలి తోడవుతుంది. ఇక మోకు పొడవే అసలు సంగతి. పొట్టిగా కడితే వెనుక బోటు అల మీద నుండి జారివచ్చి ముందు బోటును గుద్దుతుంది. రెండూ ఒకేసారి అల ఎక్కి, ఒకేసారి దిగేటట్లు మోకు వదలాలి. ముక్కు బరువెక్కితే బోటు అటూ ఇటూ కొట్టుకుంటుంది గనుక సామానంతా వెనుకకు సర్దాము. తెడ్డు పట్టుకొని మా తమ్ముడు అందులో కూర్చున్నాడు.

తెల్లవారుతుండగా ఉప్పాడ దాటాము. చీరలకు పేరుపొందిన ఊరే గాని, బోటు మీదనుండి కనిపించేది సముద్రం కోసేసిన ఒడ్డు.

తాండవ నది కలిసే పెంటకోట ఎదుట అలలు లేచాయి. మోకు సడలి, మరుక్షణం ఫెళ్లున బిగిసింది. మూడు పేటలలో ఒకటి తెగింది.

“ఇంజను తగ్గించండ్రా! ముందు రెండో మోకు విసరండి!” అని చిన్నాన్న కేక వేశాడు. తమ్ముడు మూడోసారికి గాని అందుకోలేకపోయాడు. ఆ పది నిమిషాలు ఎవరమూ మాట్లాడలేదు.

చీకటి పడ్డాక పూడిమడక ఒడ్డుకు చేరాము. పిన్ని ముందు తమ్ముడి చేతులు చూసింది, తరువాతే బోటును.